స్వంత సేద్యము: చిత్తూరు నాగయ్యగారి చిత్రనిర్మాణము

సినిమాలను గూర్చి పల్లెపెద్దలతో ప్రసంగించుట యేల యని కొందఱకు సందేహము కలుగవచ్చును. సినిమా పడుచువారి వేడుకయనియు, పెద్దలకు పురాణశ్రవణమే తగిన కాలక్షేపమనియు మనలో ఒక తలంపు కలదు. కాని నేడు నేను చెప్పబూనినది తారల ముచ్చట కాదు. ఒకరి పొలమును కూలికి దున్నుటకును, తన పొలమును తాను దున్నుకొనుటకును గల భేదమును గూర్చి చెప్పబూనితిని. ఆ భేదమును మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పెద్దలకంటె చక్కగా ఎఱిగినవా రెవరు?

1911లో చిత్తూరు మండలము ఏర్పడినపుడు మదనపల్లె తాలూకా కడప మండలమునుండి వచ్చి చేరెను. అది రైతువారీ సీమ. అక్కడి రైతు పట్టా తన పేర నుంచుకొని సర్కారునకే నేరుగ శిస్తు కట్టెడివాడు. పుంగనూరన్ననో జమీందారీ. కుప్పము కంగుంది జమీందారీలోనిది. 1948 నాటి శాసనమువలన జమీందారీలు రద్దగువరకు అక్కడి రైతులకు సర్కారునకును నడుమ జమీందారుడుండెను. సర్కారు పట్టా గల రైతునకు గౌరవ మధికము. కాని పంట అతనిదైనట్లే కఱవును అతనిదే. అప్పిచ్చినవాడు వచ్చి తట్టునది అతని తలుపే. చలనచిత్రములలోను ఇట్టి రెండు త్రోవలు కలవు. ఒకరి సంస్థలో ప్రతిఫలము పుచ్చుకొని నటించుట యొకటి. తన పేరుమీద, తన పూచీమీద చిత్రము తీయుట రెండవది. చిత్తూరు మండలపు ముఖ్యపట్టణము పేరును తన పేరునకు ముందు ధరించిన నాగయ్యగారు మొదటి త్రోవలో కీర్తి గాంచి, పిదప రెండవ త్రోవ త్రొక్కిరి.

ఉప్పలదడియము నాగయ్యగారు 1904లో గుంటూరు మండలమున జన్మించిరి. పెరిగి పెద్దవారై పేరు తెచ్చుకొన్నది మాత్రము చిత్తూరున. అక్కడి కలెక్టరు కచేరీలో కొంతకాలము గుమాస్తాగా నుండిరి. మనవారు శిస్తు మాఫీకని, గట్టు తగవులకని అర్జీలు చేతబట్టుకొని పోయెడి కచేరీ అదియే. తరువాత ఆంధ్రపత్రికకు విలేఖరిగా పనిచేసిరి. 1930 నాటి ఉప్పు సత్యాగ్రహోద్యమము వారి నాకర్షించెను. అన్నిటికంటె వారి మనసు పట్టినది నాటకము. చిత్తూరులోని రామవిలాస సభవారి రంగమున వారు వేషములు వేసిరి. సారంగధర నాటకమున చిత్రాంగి వేషము వారికి మంచి పేరు తెచ్చెను.

ఆ దినములలో రంగస్థలమున మైకు లేదు. చివరి వరుసలో చాపమీద కూర్చున్నవానికి వినబడునట్లు గొంతెత్తి పాడినవాడే నటుడు. టాకీ వచ్చి ఈ విద్యను తలక్రిందు చేసెను. మైకు నటుని చెంతనే యుండును గనుక మెల్లగ పాడినను చాలును. భావము తప్పిన మాత్రము ఇట్టే బయటపడును. రంగమున పేరుమోసిన నటులు పలువురు తెరమీద తేలిపోవుటకు కారణ మిదియే. నాగయ్యగారి గాత్రము ఈ క్రొత్త విద్యకు తగినట్టిది. కేక లేని పాట, ఆర్భాటము లేని మాట వారి సొమ్ము.

1938లో హెచ్. యం. రెడ్డిగారి గృహలక్ష్మి చిత్రముతో వారు తెరకు వచ్చిరి. బి. యన్. రెడ్డిగారు వాహినీ సంస్థ నెలకొల్పి 1939లో తీసిన వందేమాతరమున వారే నాయకులు, వారే సంగీత దర్శకులు. తరువాత సుమంగళి, దేవత వచ్చెను. 1943లో విడుదలయైన భక్తపోతనతో నాగయ్యగారి పేరు పల్లెపల్లెకు ప్రాకెను. రాజాస్థానమును కాదని హలము పట్టిన కవిని జనులు వారి ముఖమున చూచుకొనిరి. ఆ కాలమున దక్షిణదేశమున అధిక ప్రతిఫలము పుచ్చుకొనెడి నటులలో వారొకరు. ఇంత జరుగుచున్నను పొలము మఱియొకరిదే.

1946లో వారు రేణుకా ఫిలిమ్సు పేరిట త్యాగయ్య చిత్రమును తీసిరి. నిర్మాత, దర్శకుడు, సంగీతకర్త, కథానాయకుడు, నలుగురు చేయవలసిన పని ఒక్కరే చేసిరి. ఎత్తుకొన్న కథ యెట్టిది? తంజావూరు రాజు పంపిన కానుకలను నిరాకరించి ఉంఛవృత్తితో బ్రదికిన మహానుభావుని కథ. సొమ్ము వలదన్నవాని చరిత్రమును తెర కెక్కించుటకు సొమ్ము కావలయును గదా. ఇందలి చిక్కు మీకు వివరింపవలయును.

నిర్మాత చేతి సొమ్ము కొంత పెట్టును; వడ్డీకి కొంత తెచ్చును. చిత్రమును ఊరూర ఆడించు పంపిణీదారునివద్ద ముందుగా కొంత పుచ్చుకొనును. స్టూడియోకు బాడుగ, నటులకు ప్రతిఫలము, ముడి ఫిలిమునకు వెల, ఇవన్నియు చిత్రము పూర్తికాక మునుపే చెల్లవలెను. చిత్రము ఒక నెల ఆలసించిన ఒక నెల వడ్డీ పెరుగును. వేరుసెనగ విత్తనమునకు అప్పిచ్చి, పంట కళ్లములో నుండగానే కొలిపించుకొని పోవు షావుకారును మీరెఱుగుదురు. ఇక్కడను అదే తీరు. పైగా యుద్ధకాలమున ముడి ఫిలిము ప్రభుత్వపు అదుపులో నుండెను. 1945 చివర ఆ కట్టుబాటు సడలిన పిదపనే నిర్మాతలకు ఊపిరి వచ్చెను. అట్టి కాలమున ఈ సాహసము జరిగినది.

త్యాగయ్య నెగ్గెను. మా నాయనగారు దానిని గుడారములో చూచి వచ్చి, అది సినిమా కాదు, హరికథ యనిరి. సంగీతము నేర్వని పల్లెవారు సైతము త్యాగరాజస్వామివారి కీర్తనలను ఆ చిత్రమువలన విని తలలూపిరి. సభలలో పండితులకు పరిమితమైన విద్య నేలకూర్చుండు బీదల చెవిని బడెను. సంస్థ యజమాని చేతిలోనిదైనచో ఇన్ని కీర్తనలేల, రెండు నృత్యములు పెట్టుడని సలహా వచ్చియుండెడిదేమో. పొలము తనది గనుక ఏ పైరు పెట్టవలెనో తానే నిర్ణయించుకొనిరి. స్వాతంత్ర్యపు ఫల మిది.

ఇక స్వాతంత్ర్యపు వెల. 1953లో వారు నా ఇల్లు చిత్రమునకు దర్శకత్వము వహించి, దానిని తమిళమున కూడ తీసిరి. త్యాగయ్యకు వచ్చిన ఆదరణము దానికి రాలేదు. కాలము మాఱుచుండెను. క్రొత్త తారలు వచ్చిరి, ఖర్చులు పెరిగెను. నాగయ్యగారి చేయి మాత్రము ముడుచుకొనలేదు. మదరాసులో వారి యింట ఆకలిగొన్నవానికి విస్తరి లేదనిపించుకొన్న దినము లేదని నాటివారు చెప్పుదురు. దానము చేసినది జ్ఞాపక ముంచుకొనలేదు; అప్పు వ్రాసికొన్నవారు మాత్రము మఱువలేదు.

పిదప వారు రామదాసు కథను చేపట్టిరి. కంచెర్ల గోపన్న గోలకొండ తానీషా కొలువున పాల్వంచ పరగణాకు తహసీలుదారు. వసూలైన శిస్తు సొమ్మును భద్రాద్రి రామునకు వెచ్చించి చెఱసాల పాలయ్యెను. ఒకనాడు కలెక్టరు కచేరీలో లెక్కలు వ్రాసిన గుమాస్తా, లెక్క తప్పిన తహసీలుదారు వేషమును ధరించుట విధివిలాసము. ఆ చిత్రము ఏండ్ల తరబడి సాగి, 1964లో విడుదలయ్యెను. మహమ్మద్ రఫీవంటి ఉత్తరదేశపు గాయకుడు అందులో కబీరు పాత్రకు పాడెను. ఖ్యాతి వచ్చెను, కాని ఏండ్ల వడ్డీని ఖ్యాతి తీర్పజాలదు. 1965లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. ఒకప్పుడు నాయకపాత్రలను ధరించిన మహానటుడు జీవనమునకై చిన్నచిన్న వేషములు వేయవలసివచ్చెను. 1973 డిసెంబరు 30వ తేదీన వారు పరమపదించిరి. మదరాసు పానగల్ పార్కులో వారి విగ్రహము నెలకొల్పబడినది.

నాగయ్యగారు అమాయకులు గనుక చెడిరని లోకము తేల్చివేయును. నా కది సమ్మతము కాదు. అమెరికా దేశమున 1919లో చార్లీ చాప్లిను మఱి ముగ్గురితో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ అను సంస్థను స్థాపించెను. తమ చిత్రములను తామే తీసి, తామే ఊరూరికి పంపుకొనుటకై వారు నలుగురు జతకూడిరి. నష్టము వచ్చిన నలుగురి భుజములు గలవు. నాగయ్యగారికి తన భుజమొక్కటే దిక్కయ్యెను. వారు తీసిన చిత్రములలో కళ కొఱత పడలేదు. కొఱత పడినది లెక్క చూచు చేతోడు.

మదనపల్లె రైతు పట్టా తనదని గర్వించినను కఱవునాడు ఒంటిగా నిలువలేడు. అందుకే మనవారు సహకార సంఘములు పెట్టుకొనిరి. కళాకారునకును అదియే మార్గమని నేనెంచెదను. మీ యూళ్లలో నేటికిని భజనమండలులు కలవు, వీథినాటకము లాడువారు కలరు. నేడు చేతిలోని టెలిఫోనుతోనే చిత్రములు తీయు బాలురును కలరు. వారిని చూచి నవ్వకుడు; ఏ కథ చెప్పవలెనో వారినే తేల్చుకొననిండు. కాని ఖర్చు పుస్తకమును మాత్రము ఊరి పెద్దలలో ఒకరు చేతికి తీసికొనుడు. త్యాగయ్య వంటి చిత్రము మఱల పుట్టుటకు త్యాగమొక్కటే చాలదు. ప్రక్కన నిలుచు నలుగురును కావలయును.