ఓడినా ఫరవాలేదనుకునే మ్యాచ్: రహీం సాబ్, జకార్తా, మన వఫ్రా గ్రౌండు

డ్యూటీలో చెవికి ఫోను పెట్టుకోడానికి వీల్లేనివాళ్ళు చాలామంది అడుగుతున్నారు కాబట్టి, ఈ వారం ఎపిసోడ్‌లో చెప్పిందంతా ఇక్కడ రాసి పెడుతున్నా. అక్కడక్కడా మాట సరిచేశా గానీ మిగతాదంతా మైకు ముందు చెప్పినట్టే ఉంటుంది.

పోయిన శుక్రవారం సాయంత్రం వఫ్రాలో మా మజ్రా వెనక ఇసక గ్రౌండులో ఒక మ్యాచ్ ఆడినాం. పక్క మజ్రావాళ్ళతో. 5-1 తేడాతో ఓడిపోయినాం. ఓడినందుకు కాదు, ఓడిన తీరుకు మా పిల్లోళ్ళకు కోపమొచ్చింది. ఫస్టాఫ్ అయ్యేసరికి 1-1 మీద ఉన్నాం. అప్పుడు బాగా ఆడుతున్న ముగ్గుర్ని నేనే బయటికి పిలిచినా. ముందు ఆడేవాణ్ణి వెనక్కి పంపినా. ఎప్పుడూ బెంచీ మీద కూర్చునేవాళ్ళను దింపినా. ఇంకేముంది, వరసగా నాలుగు గోల్స్ పడినాయి. "అన్నా, గెలిచే మ్యాచ్‌ను నువ్వే చేతులారా పోగొట్టినావ్" అన్నాడు ఒకడు. రాత్రి రూములో కూడా అదే గొడవ.

సంగతేంటంటే, వచ్చే నెల సిటీలో టోర్నీ ఉంది. మేం పందొమ్మిది మందిమి ఉన్నాం. బండిలో పట్టేది పన్నెండు మంది. ఎవర్ని తీసుకుపోవాలో, ఎవర్ని ఎక్కడ ఆడించాలో తేల్చాల్సింది నేను. ఆ పని టోర్నీలో చెయ్యలేను గదా. ఓడిపోయినా నష్టం లేని రోజునే చెయ్యాలి. పెద్ద పెద్ద క్లబ్బులు సీజన్‌కు ముందు ఆడే మ్యాచులు కూడా దీనికోసమే. అక్కడ స్కోరు చూసి సంబరపడేది, తిట్టుకునేది జనం. కోచ్ చూసేది వేరే. బంతి పోయిన వెంటనే ఎవడు వెనక్కి పరిగెత్తుతున్నాడు? పక్కవాడు తప్పు చేస్తే ఎవడు కవర్ చేస్తున్నాడు? అరవై నిమిషాలయ్యాక ఎవడి కాళ్ళు బరువెక్కుతున్నాయి? కొత్త చోట నిలబెడితే ఎవడు బెదురుతున్నాడు? అందుకే ఫస్టాఫ్‌కు ఒక పదకొండు మంది, సెకండాఫ్‌కు ఇంకో పదకొండు మంది దిగడం మామూలు. మొదటి వారం 45 నిమిషాలు, తర్వాత 60, సీజన్ దగ్గర పడేసరికి 90. ఒళ్ళు అలవాటు పడాలి, కోచ్ కళ్ళకూ అలవాటు పడాలి.

మన దేశంలో ఇప్పుడు ఈ పనికి డ్యూరాండ్ కప్ వాడుకుంటున్నారు. 1888లో సిమ్లాలో మొదలైన కప్పు అది. ఒకప్పుడు దాన్ని గెలవడమే పెద్ద గొప్ప. ఇప్పుడు ఐఎస్ఎల్ సీజన్‌కు ముందు వస్తుంది కాబట్టి, చాలా క్లబ్బులు కొత్త కుర్రాళ్ళను, కొత్త పద్ధతులను అందులో పరీక్షించుకుంటాయి.

అయితే ఈ విద్యను బయటివాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సిన పని మనకు లేదు. మన హైదరాబాద్‌లోనే దీంట్లో ఆరితేరిన మనిషి ఉన్నాడు. సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవాళ్ళు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూసినవాళ్ళకు అజయ్ దేవగణ్ మొహం గుర్తొస్తుంది. అసలు మనిషి బడిపంతులు. 1909లో పుట్టాడు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ టీముకు కోచ్. ఆ టీము బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు గెలిచింది. ఆయన చేతి కింద ఇండియా 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం కొట్టింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలబడింది.

పంతులు కాబట్టేమో, ఆయనకు పరీక్ష పెట్టడం తెలుసు. హైదరాబాద్‌లో ఆయన రెండు రకాల చిత్రమైన టోర్నీలు పెట్టించాడు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు. అంటే బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ షో చెయ్యడం కుదరదు, వచ్చిన బంతిని వెంటనే ఇంకొకడికి ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో రోజూ వాడే కాలితో కొట్టకూడదు, రెండో కాలితోనే ఆడాలి. కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమకాలితో తడబడాల్సిందే.

ఇది సరదా కోసం పెట్టింది కాదు. మామూలు మ్యాచ్‌లో ఆటగాడు తన లోపం దాచేస్తాడు. ఎడమకాలు పనిచెయ్యనివాడు ఎప్పుడూ కుడివైపుకే తిరుగుతాడు. మనకు మాత్రం బ్రహ్మాండంగా ఆడినట్టే కనిపిస్తాడు. రూలు మార్చేస్తే దాచుకోడానికి చోటుండదు. పైగా ఆ లోపం ఆడుతూ ఆడుతూనే సరవుతుంది. అంటే ఒక మ్యాచ్‌తోనే పరీక్షా, పాఠమూ రెండూ అయిపోతాయి.

పరీక్ష లేకుండా పెద్ద ఆటకు పోతే ఏమవుతుందో కూడా ఆయనకు అనుభవమే. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మీద ఇండియా 10-1 తేడాతో ఓడింది. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. మన ఎండలో, గట్టి నేలమీద ఒట్టికాళ్ళ ఆట చెల్లింది. అక్కడి చలిలో, బూట్లు వేసుకున్నవాళ్ళ ముందు చెల్లలేదు. ఆ దెబ్బ తర్వాతే మన ఫుట్‌బాల్ సంఘం బూట్లు తప్పనిసరి చేసింది. అది ముందే ఏదో ఒక మామూలు మ్యాచ్‌లో తెలిసుంటే, ప్రపంచం ముందు పది గోల్స్ తినాల్సిన పని లేకపోయేది.

ఇక జకార్తా. 1962 ఏషియన్ గేమ్స్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1తో గెలిచాం గానీ, డిఫెన్స్‌కు గుండెకాయ లాంటి జర్నైల్ సింగ్‌కు తల పగిలింది, కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2-0. సెమీస్‌లో రహీం సాబ్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. తలకు కుట్లున్న ఆ డిఫెండర్‌ను తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌లో నిలబెట్టాడు. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచిన ఆ మ్యాచ్‌లో జర్నైల్ ఒక గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్ళీ అదే కొరియా. స్టేడియం నిండా జనం, వాళ్ళంతా మనకు వ్యతిరేకం. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1తో బంగారం మనది.

బయటి నుంచి చూస్తే ఇది జూదం లాగా కనపడుతుంది. నాకలా అనిపించదు. ఒక మనిషిని ఏళ్ళ తరబడి క్యాంపుల్లో, ప్రాక్టీసు ఆటల్లో చూసినవాడే అంత ధైర్యం చెయ్యగలడు. ఫైనల్‌కు ముందురోజు తెలుసుకుంటే తెలిసే సంగతి కాదది. ఆ గెలుపు తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, క్యాన్సర్‌తో రహీం సాబ్ పోయాడు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారం రాలేదు.

ఇలాంటి కథే మనం పనిచేస్తున్న ఈ కువైట్‌కూ ఉంది. 1980లో ఏషియన్ కప్ ఇక్కడే జరిగింది. గ్రూపు మ్యాచ్‌లో కువైట్ 3-0తో దక్షిణ కొరియా చేతిలో ఓడింది. కోచ్ బ్రెజిల్ మనిషి కార్లోస్ అల్బెర్టో పరైరా. ఫైనల్లో మళ్ళీ అదే కొరియా ఎదురైతే, ఈసారి 3-0తో కువైట్ గెలిచింది. అందులో రెండు ఫైసల్ అల్ దఖీల్ కొట్టినవి. రెండేళ్ళ తర్వాత కువైట్ ప్రపంచ కప్పుకు కూడా పోయింది. ఆ పరైరానే 1994లో బ్రెజిల్‌కు ప్రపంచ కప్పు తెచ్చిపెట్టాడు. ఓడిన మ్యాచ్‌ను సిగ్గుగా దాచిపెట్టకుండా, అందులో ఏం కనపడిందో చూసుకున్నవాళ్ళు వీళ్ళిద్దరూ.

ఇంతవరకూ చెప్పి ఆపేద్దామనుకున్నా. రికార్డింగుకు ముందు రహీం సాబ్ గురించి చదువుతుంటే ఇంకో సంగతి తగిలింది. దాంతో నా తప్పు నాకే కనపడింది.

తులసీదాస్ బలరాం పేరు వినే ఉంటారు. సికింద్రాబాద్ అవతల అమ్ముగూడ పిల్లాడు. పేద ఇల్లు. అతని ఆట చూసి రహీం సాబ్ హైదరాబాద్ టీము సెలక్షన్‌కు రమ్మన్నాడు. అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడు పిల్లాడు. రహీం సాబ్ సైకిల్‌కు డబ్బులిచ్చి మరీ పిలిపించుకున్నాడు. ఆ బలరామే 1956 ఒలింపిక్స్‌కు పోయాడు, 1960 రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు, జకార్తా బంగారం టీములో ఉన్నాడు. 2023 ఫిబ్రవరిలో చనిపోయాడు.

మా పందొమ్మిది మందిలో ఒక తమ్ముడు ఉన్నాడు. రాయచోటి దగ్గర పల్లె. టమాటా షెడ్లలో పని. అతని మజ్రా మాకు బాగా దూరం. పోయిన శుక్రవారం ఆలస్యంగా వచ్చాడు, ఇరవై నిమిషాలు ఆడేసరికి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. "వీడికి దమ్ము లేదు" అని నా లెక్కలో కొట్టేసినా. బలరాం సంగతి చదివాక ఫోన్ చేసి అడిగితే తెలిసింది. పొద్దున డ్యూటీ చేసి, బండి దొరక్క, ఆ ఎండలో గంటన్నర నడిచి వచ్చాడంట. ఆ మాట నాకెందుకు చెప్పలేదురా అంటే, "అడగలేదు గదన్నా" అన్నాడు.

నేను పెట్టిన పరీక్షలో అందరికీ ఒకే ప్రశ్న పడలేదు. గ్రౌండు పక్క రూములోంచి లేచి వచ్చినవాడినీ, గంటన్నర నడిచి వచ్చినవాడినీ ఒకే గడియారంతో కొలిచినా. రహీం సాబ్ ముందు సైకిల్ ఇచ్చాడు, తర్వాత ఆట చూశాడు. నేను ఆట చూశా గానీ, వాడు ఎట్లా వచ్చాడో చూడలేదు.

మనందరికీ ఇది తెలిసిన బాధే. కువైట్ ప్రైవేటు కార్మిక చట్టంలో ప్రొబేషన్ గడువు 100 పనిదినాలకు మించకూడదు. ఆ వంద రోజుల్లో భాష రాదు, తిండి పడదు, ఇంటి అప్పు నిద్రపోనివ్వదు. అప్పుడు మనల్ని చూసి "వీడికి పని రాదు" అని ఎవరైనా రాసేస్తే ఎట్లుంటుందో మనకు చెప్పక్కర్లేదు. అట్లాంటి మాటే నేను నా తమ్ముడి మీద రాసినా.

ఈ శుక్రవారం మళ్ళీ మ్యాచ్ పెట్టినాం, అదే టీముతో. ఈసారి బండి ముందు దూరం మజ్రాలకు పోతుంది. ఆ తమ్ముణ్ణి మొదటి నిమిషం నుంచీ ఆడిస్తా. వాడు పన్నెండు మందిలో ఉంటాడో లేదో ఇప్పుడే చెప్పలేను. బాగా ఆడకపోతే తీసుకోను, ఆ మాట వాడికీ చెప్పినా. ఇంకో సంగతి, డ్రిబ్లింగ్ లేని ఆట ఒక అరగంట ఆడించబోతున్నా. మనవాళ్ళు ఇప్పటికే తిట్టుకుంటున్నారు.

స్కోరు ఎంతైనా వచ్చేవారం చెప్తా. మీ క్యాంపుల్లో టీము ఎట్లా ఎంచుకుంటారో, ఎప్పుడైనా ఎవర్నైనా తప్పుగా అంచనా వేశారో వాయిస్ మెసేజ్ పెట్టండి. పేర్లు చెప్పొద్దు, సంగతి చెప్తే చాలు. ఎండలు ముదురుతున్నాయి, ఆటకు ముందు నీళ్ళు బాగా తాగండి. ఉంటా మరి.