భూమి కొలతలు – ఉమ్మడి ఆధారము



గట్టు తగవు వచ్చినపుడు అందఱును పటము చూపుదురు. ఆ పటము ఏ ఆధారముపై వ్రాయబడెనో విచారించువారు అరుదు.

తెలంగాణమున ఎకరమునకు 40 గుంటలు. కోస్తా, రాయలసీమలలో 100 సెంట్లు. 1956 మొదలు 2014 వఱకు ఈ ప్రాంతములు ఏకరాష్ట్రమై యున్నను వాడుకలు మారలేదు. అయినను లెక్కకు చిక్కు లేదు. రెంటికిని ఎకరమే ఆధారము. గుంటకు రెండున్నర సెంట్లని నేను బడిపిల్లలచే వల్లె వేయించితిని. పేరులు వేఱైనను మూల మొకటియైన చాలును.

పటములకును ఇదియే న్యాయము. 1802లో ల్యాంబ్టన్ దొర మదరాసు చెంత ఆధారరేఖను కొలిచి, దానినుండి త్రిభుజములు కట్టుచు దేశమును కొలువ నారంభించెను. భూమి సరియైన గుండ్రము కాదు గదా! దాని ఆకృతికి 1830లో ఎవరెస్టు దొర కట్టిన లెక్క మన దేశపటములకు చిరకాలము మూలమయ్యెను. 2005 నాటి జాతీయ పటవిధానము, ప్రజలకై వెలువరించు పటములకు లోకమంతట చెల్లు వేఱొక లెక్కను విధించెను. ఒకే రాతికి ఈ రెండు లెక్కలలో అక్షాంశ రేఖాంశములు వేఱు. ఆ భేదము నేలపై వందల అడుగులు కావచ్చును.

అటవీశాఖ ఒక లెక్కను, రెవిన్యూశాఖ మఱియొక లెక్కను పట్టి, సరిచూడక పటములను కలిపినచో, రైతు చేను కాగితముపై అడవిలో పడును. శాఖలన్నియు ఉమ్మడి ప్రమాణములను పాటింపవలెనని 2022 నాటి జాతీయ భూప్రాదేశిక విధానము కోరుట ఇందులకే.

కావున మీ యూరికి కొలతగాండ్రు వచ్చినపుడు, వారి ఆధారమేదో అడుగుడు. దానిని పటముపై వ్రాయించుడు. మన మనుమల గట్లకు అదియే కాపు.