చెన్నపట్నం ట్రాములు

మన దేశంలో మొట్టమొదటి విద్యుత్ ట్రాము 1895 మే 7న చెన్నపట్నంలో నడిచింది. కలకత్తాలో 1902లో, బొంబాయిలో 1907లో గాని ఇటువంటి బండ్లు రాలేదు. రేవుకూ ఊరి లోపలి పేటలకూ మధ్య జనాన్ని, సరుకును చేరవేయడం దాని పని.

మాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది దాని తొలినాటి ఏర్పాటు. పట్టాల నడుమ సన్నని కాలువ తవ్వి, అందులోనుంచే బండికి విద్యుత్తు అందించేవారు. వీధిలో తీగలు వేలాడవు గనుక చూపుకు ముచ్చటగానే ఉండి ఉంటుంది. కాని అది సముద్రపు ఒడ్డున పల్లపు నేల. పైగా ఈశాన్య రుతుపవనాలు కుమ్మరించే చోటు. కాలువలో నీరు చేరితే ఇంకేముంది? భారీ వానలకు ఆ ఏర్పాటు పాడై, స్తంభాలు నాటి పైన తీగలు లాగక తప్పలేదు. కాగితం మీద గీసినవారు కార్తీకమాసపు మదరాసును చూడలేదేమో!

1921 నాటికి 24 కిలోమీటర్ల దారిలో 97 బండ్లు తిరిగేవి. ఆ తర్వాత నష్టాలు ముదిరాయి. 1953 ఏప్రిల్ 12న ట్రాము ఆగిపోయింది. పొట్టి శ్రీరాములు ఆ పట్నంలోనే అసువులు బాసి అప్పటికి నాలుగు నెలలు కావస్తోంది. మదరాసు లేని ఆంధ్ర రాష్ట్రం అక్టోబరు 1న ఏర్పడింది. ఆ కలతలో ట్రామును గురించి తెలుగులో వ్రాసుకున్నది స్వల్పమే. ఆ బండ్లెక్కిన పిల్లలు ఈనాడు ఎనభై దాటినవారు. తమిళనాట మీ ఇళ్లలో అటువంటి పెద్దలుంటే, ఏ పేట నుంచి ఏ పేటకు వెళ్లేవారో అడిగి, వారి మాటల్లోనే వ్రాసి ఉంచవలసిందిగా కోరుతున్నాం.