వాయుచోదిత పరికరములు

గాలిని యంత్రముచే అణచి, ఆ పీడనబలముతో నడపు పనిముట్లు. 1871లో ముగిసిన ఆల్ప్స్ పర్వతములలోని ఫ్రేజుస్ సొరంగమున వీని సామర్థ్యము లోకమునకు వెల్లడియైనది. నల్లగొండ, మహబూబునగరు జిల్లాలందు మాత్రము ఇవి బావిత్రవ్వకముతోడనే పల్లెజనమునకు ఎరుకపడినవి. ఈ జిల్లాలున్న పీఠభూమిలో పలుచని మట్టిపొరక్రింద గ్రానైటు, నైసు శిలలుండుటచే, గడ్డపారకు లొంగని చోట ట్రాక్టరు ఇంజనుతో తిరుగు కంప్రెసరును బావిగట్టున నిలిపి, రబ్బరు గొట్టముద్వారా గాలిని క్రిందికి పంపి, జాక్‌హామరుతో రంధ్రములు తొలిచి, మందు కూరి పేల్చుట రైతులకు పరిచితమైన పద్ధతి. బోరుబండి సుత్తియు ఈ గాలిచేతనే నడచును. రాతిపొడిని పైకెగజిమ్మునదియు ఆ గాలియే.

ఇంటి పనిశాలకు ఇంత బలము అక్కరలేదు. రంగు కొట్టు గన్నుకు, బోల్టులు విప్పు గన్నుకు చదరపు అంగుళమునకు 90 పౌనుల పీడనము సాధారణముగా చాలును. కాని కొనువారు పీడనమునే చూచి, నిమిషమునకు ఎంత గాలి కావలయునో విచారింపరు. పనిముట్టు నడుమ నీరసించుటకు ప్రాయికముగా ఇదియే హేతువు. గాలిలోని తేమ ట్యాంకు అడుగున నీరై చేరి ఇనుమును త్రుప్పుపట్టించును గనుక, పని ముగిసినపిమ్మట పీడనము తగ్గించి, అడుగునున్న డ్రెయిన్ వాల్వు తెరచి ఆ నీటిని వదలవలెను. వానకాలమున ఇది మరింత యవసరము. పీడనమాపకము, సేఫ్టీ వాల్వు సరిగా లేని ట్యాంకును నడపరాదు. గాలిగొట్టమును ఎన్నడును మనుష్యునిపైకి త్రిప్పరాదు. రాతిధూళి ఊపిరితిత్తులకు సిలికోసిస్ వ్యాధి తెచ్చును గావున, రాయి తొలుచువాడు నీటితో ధూళి నణచి, తగిన మాస్కు ధరింపవలెను.