మనాదికి మత్తుమందు



మన కరీంనగరము సీమలో "మనాది" యను మాట యొకటి కలదు. చొప్పదండిలోనే కాదు, చుట్టుప్రక్కల ఏ యూరి పెద్ద నడిగినను ఆ మాటకు అర్థము చెప్పగలడు. మనిషి తిండి మానును, నిద్ర మానును, పొలముగట్టునకు పోడు, పిలిచిన పలుకడు. పండుగనాడు కొత్తబట్ట యిచ్చిన ప్రక్కన బెట్టును. "వానికి మనాది పట్టినది" అని యింటివారందురు. కొందరు గాలి సోకినదందురు. కొందరు బాణామతి యందురు. అది ముదిరిన స్థితిని వైద్యులు డిప్రెషన్ అనుచున్నారు. మనము విషాదరోగమని చెప్పుకొనవచ్చును. అయినవారు పోయినపుడు కలుగు దుఃఖము కాలముతో కరగును. ఈ రోగ మట్లు కరగదు. వారములు, నెలలు నిలిచి మనిషిని లోలోపల తినివేయును. తుదకు ప్రాణము తీసికొనవలెనను తలంపును సయితము పుట్టించును.

దీనికి మందులు కలవు. చాలమందికి వానివలన మేలు కలుగుచున్నది. అయినను ఒకదాని వెనుక నొకటిగా రెండు మందులు తగిన మోతాదున, తగినంత కాలము వాడినను గుణము కానరానివారు కొందరుందురు. అట్టివారికై గడచిన పాతికేండ్లుగా ఒక క్రొత్తదారి తెరువబడినది. విచిత్రమేమనగా, ఆ మందు క్రొత్తది కాదు. శస్త్రచికిత్సవేళ రోగికి స్పృహ తప్పించుటకు వాడు కెటమిన్ అను మత్తుమందే అది.

దాని కథ చెప్పుటకు ముందు, మన హైదరాబాదు నగరమున 1889లో జరిగిన యొక విచారణను చెప్పవలసియున్నది. మత్తుమందును ఇచ్చుటకంటె, ఇచ్చినపిదప రోగిని కనిపెట్టియుండుటయే ముఖ్యమను పాఠమును లోకమునకు గట్టిగా వినిపించిన తావులలో మన నగర మొకటి. కెటమిన్ విషయమున నేటికిని ఆ పాఠమే మనకు దారి చూపుచున్నది.

పూర్వము కాలు తీయవలసివచ్చిన రోగిని నలుగురు పట్టుకొనెడివారు. అతని కేకల నడుమనే వైద్యుడు కోతకోసెడివాడు. 1847లో ఎడింబరో నగరపు వైద్యుడు జేమ్స్ సింప్సన్ క్లోరోఫారమను ద్రవమును పీల్పించి నొప్పి తెలియకుండ జేయవచ్చునని చూపెను. లోకము సంతోషించినది. కాని మరుసటి సంవత్సరము జనవరిలోనే ఇంగ్లండున హన్నా గ్రీనర్ అను 15 ఏండ్ల బాలిక, కాలిగోరు తీయుటకై ఆ మందు పీల్చి, కొన్ని నిమిషములలో మరణించెను. అంత చిన్న పనికి అంత పెద్ద నష్టము! గుండె ఆగి పోయెనా, ఊపిరి ఆగి పోయెనా? ఈ ప్రశ్నపై వైద్యులు రెండు పక్షములై నలుబదేండ్లు వాదించిరి.

ఆ వాదమును తేల్చుటకు పూనుకొన్నవాడు ఎడ్వర్డ్ లారీ. ఆయన హైదరాబాదున రెసిడెన్సీ సర్జను. ఇక్కడి వైద్యపాఠశాలకు అధ్యక్షుడు. ఎడింబరోలో జేమ్స్ సైమ్ అను గురువు కడ ఆయన నేర్చినది ఒక్కటే సూత్రము: క్లోరోఫారమిచ్చునపుడు రోగి ఊపిరిని విడువక చూడుము. 1888లో ఆయన ప్రోద్బలమున మొదటి విచారణసంఘ మేర్పడి, కుక్కలపై పరీక్షలు జరిపి, ఊపిరియే ముందు ఆగునని తేల్చినది. లండనులోని "లాన్సెట్" అను వైద్యపత్రిక ఆ మాటను నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌనుల ధనమిచ్చి, మీ నిపుణునే పంపి చూడుడని ఆ పత్రికవారిని పిలిపించెను. 1889లో లాడర్ బ్రంటన్ అను ప్రఖ్యాత వైద్యుడు సముద్రము దాటి హైదరాబాదు వచ్చెను. కుక్కలు, కోతులు మొదలగు నాలుగువందలకు పైబడిన జంతువులపై పరీక్షలు జరిగినవి. గుండెయే ముందు ఆగునని తలంచుచు వచ్చిన బ్రంటన్ తన యభిప్రాయమును మార్చుకొనెను. 1890లో లాన్సెట్ పత్రిక ఆ నివేదికను ప్రకటించినది.

లారీ చెప్పినదంతయు నిజమేనా? కాదు. నాడి చూడనక్కరలేదు, ఊపిరిని చూచిన చాలునని ఆయన పట్టుబట్టెను. 1911లో గుడ్‌మన్ లీవీ అను ఆంగ్లవైద్యుడు, క్లోరోఫారము తక్కువ మోతాదున నున్నపుడు సయితము గుండె అకస్మాత్తుగా లయ తప్పి ఆగవచ్చునని నిరూపించెను. కావున హైదరాబాదు తీర్పు సగము సరియైనది, సగము తప్పినది. కాని దాని గుణపాఠము చెడలేదు. మత్తులోనున్న మనిషి తన్ను తాను కాపాడుకొనలేడు. అతని ప్రాణము ప్రక్కనున్నవాని కంటిలో నుండును. ఊపిరి, నాడి రెండును చూడవలెను.

ఆ కాలముననే మన నగరమున రూపాబాయి ఫర్దూంజీ యను పార్సీ వనిత వైద్యవిద్య ముగించి, రోగులకు క్లోరోఫారమిచ్చు పనియే తన వృత్తిగా జేసికొనెను. లోకమున మత్తువైద్యమును చేపట్టిన తొలి స్త్రీలలో ఆమె యొకతె. శస్త్రచికిత్స చేసినవాని పేరును ఊరు చెప్పుకొనును. రోగి తలవైపు కూర్చుండి ఊపిరి లెక్కించినవారి పేరు ఎవరికిని తెలియదు. అందుచేతనే ఆమెను ఇచట స్మరించుచున్నాను.

ఆ విచారణకు 73 ఏండ్ల పిమ్మట, 1962లో, అమెరికాలో కాల్విన్ స్టీవెన్స్ అను రసాయనాచార్యుడు పార్క్-డేవిస్ కంపెనీ కొరకు కెటమిన్ అను పదార్థమును తయారు చేసెను. దానికి ముందు ఆ కంపెనీవారి మందు వేరొకటి యుండెను. దానివలన రోగులు మేల్కొన్నపిదప గంటల తరబడి మతిచలించి పలవరించెడివారు. అంతకంటె త్వరగా దిగిపోవు మందు కావలెనని వెదకగా ఇది దొరకినది. 1964లో మిషిగన్ రాష్ట్రపు చెరసాలలోని ఖైదీలకు డొమినో, కోర్సెన్ అను వైద్యులు దీని నిచ్చి పరీక్షించిరి. చెరలోనున్నవాని సమ్మతిని స్వేచ్ఛాసమ్మతి యనుట నేటి వైద్యధర్మమునకు సరిపడదు. ఆ కాలమున అట్లు జరిగినది.

ఈ మందు గుణము విలక్షణము. రోగి కన్నులు తెరచియుండవచ్చును; కాని చూపు నిలువదు. తాను తన దేహమునుండి విడివడినట్లు అతనికి తోచును. నొప్పి తెలియదు; అయినను చాలవరకు ఊపిరి తనంత తానే నడచుచుండును. అందుచేత గొప్ప యంత్రములు లేని చిన్న ఆసుపత్రులకు, యుద్ధభూములకు ఇది వరమైనది. 1970లో అమెరికా ప్రభుత్వము అనుమతించెను. వియత్నాం యుద్ధమున గాయపడిన సైనికులకు వాడిరి. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని అత్యావశ్యక ఔషధముల పట్టికలో జేర్చినది.

ఇక మనాది వైద్యము. విషాదరోగపు మాత్రలు 1950 తరువాతి సంవత్సరములలో వచ్చినవి. అవి పనిచేయుటకు రెండు వారములు మొదలు ఆరు వారముల వరకు పట్టును. చావు తలంపులతో కుమిలిపోవు మనిషికి ఆరు వారములనిన ఎంత కాలము! 2000 సంవత్సరమున అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు కొద్దిమంది రోగులకు కెటమినును అల్పమోతాదున నరమునకెక్కించి చూచిరి. గంటలలోనే దిగులు తేలికపడినట్లు కనిపించినది. 2006లో ఆ దేశపు జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో కార్లోస్ జరాటే బృందము, ఇతర మందులకు లొంగని 18 మందిపై పరీక్షించినది. మందు తీసికొన్నవారిలో మరునాటికి పదింట ఏడువంతుల మందికి గుణము కానవచ్చెను. కాని వారము దినముల వరకు ఆ గుణము నిలిచినది రమారమి మూడవవంతు మందికే. ఈ రెండవ మాటను మొదటి మాటతో కలిపియే చెప్పవలెను. మందు త్వరగా పట్టును, త్వరగా విడుచును. కావున పలుమార్లు ఈయవలసివచ్చును. తక్కిన మందులును, మాటల చికిత్సయు దానికి తోడుగా నుండవలెను.

దీని నెట్లిత్తురు? శస్త్రచికిత్సకు వాడు మోతాదులో కొంతభాగమును మాత్రమే సెలైనులో గలిపి, సుమారు 40 నిమిషములు మెల్లగా ఎక్కింతురు. ఆ సేపు రోగికి తల తిరుగవచ్చును; వికారము కలుగవచ్చును; చుట్టునున్నవి స్వప్నమువలె తోచవచ్చును; రక్తపుపోటు పెరుగును. కావున ప్రక్కన నొకరు కూర్చుండి పోటు, నాడి, ఊపిరి చూచుచుండవలెను. అదుపులోలేని రక్తపుపోటు గలవారికిని, కొన్ని గుండెజబ్బులు గలవారికిని, మతిభ్రమణపు రోగులకును సాధారణముగా దీని నీయరు. కెటమిన్ జాతిదే యగు ఎస్‌కెటమినును ముక్కులో చిమ్ముకొను మందుగా 2019 మార్చిలో అమెరికా ప్రభుత్వము అనుమతించెను. దానిని ఇంటికి ఈయరాదనియు, వైద్యాలయముననే వాడించి కనీసము రెండు గంటలు రోగిని కనిపెట్టవలెననియు నియమము విధించెను. మరునాటివరకు బండి నడుపరాదు. చూడుడు, హైదరాబాదు పాఠమే మరల వచ్చినది.

ఆ కావలి లేనిచో ఏమగునో 2023 అక్టోబరులో తెలియవచ్చెను. మాథ్యూ పెర్రీ యను అమెరికా నటుడు తన యింట నీటితొట్టిలో మరణించెను. కెటమిన్ ప్రభావమే ముఖ్యకారణమని అధికారులు తేల్చిరి. ఆయన అంతకుముందు వైద్యుల యెదుట ఈ చికిత్స పొందినవాడే. ప్రాణము తీసినది ఆ చికిత్స కాదు, కావలి లేక యింట పుచ్చుకొన్న మందు. విందులలో మత్తుకొరకు దీనిని దొంగతనముగా వాడువారును కలరు. అలవాటైన మూత్రాశయము చెడును, విడువరాని వ్యసనమగును. అందుచేత మన ప్రభుత్వము 2013లో కెటమినును కఠిననియమములుగల ఎక్స్ షెడ్యూలులో జేర్చినది. నేడు మన దేశమున కొన్ని ఆసుపత్రులలో మానసిక వైద్యులు, మత్తువైద్యులు కలిసి విషాదరోగులకు దీనిని ఇచ్చుచున్నారు.

పెద్దలారా, ఈ కథ మీకేల చెప్పితిననగా, ఊరిలో ఒకనికి మనాది పట్టినపుడు అతని నెచటికి తీసికొనిపోవలెనో నిర్ణయించునది మీ మాట. "ఎర్రగడ్డకు పంపవలె" నని మనవారు పరిహాసముగా అనుట కలదు. హైదరాబాదు ఎర్రగడ్డలోనున్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఎముక విరిగినవానిని ఆసుపత్రికి పంపుటకు నవ్వని మనము, మనసు విరిగినవానిని పంపుటకు నవ్వుట న్యాయమా? ఆ నవ్వుకు వెరచి ఇంటివారు రోగిని దాచుదురు. దాచినకొలది రోగము ముదురును.

ముందు మామూలు మందులు, మాటల చికిత్స. వానికి లొంగనిచో పెద్దవైద్యుని విచారణపై ఇట్టి మార్గములు. ఎవరైనను ఒక్క సూదితో మనాది తీర్తునని, చూచువారెవరును లేని గదిలో ఇత్తుమని చెప్పినచో నమ్మకుడు. ప్రక్కన ఎవరు కూర్చుందురు? ఎంతసేపు చూతురు? పోటు పెరిగిన ఏమి చేయుదురు? ఈ మూడు ప్రశ్నల నడుగుడు.

చావు మాట నోట వచ్చినవానిని ఒంటరిగా విడువకుడు. పురుగులమందు డబ్బాను చేతికందకుండ దాచుడు. 14416 అను నంబరునకు ఏ వేళనైనను ఫోను చేసిన, ప్రభుత్వపు టెలీమానస్ కేంద్రమువారు తెలుగులో మాటలాడుదురు, డబ్బు పుచ్చుకొనరు. వైద్యుడు వచ్చుదాక, మంచము ప్రక్కన కూర్చుండి కనిపెట్టువారు మీరే కావలెను.