వీరగల్లు నుంచి వీరచక్ర దాకా

మదనపల్లె, పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో తిరిగేవాళ్లకి వీరగల్లులు కొత్త కాదు. చెరువుకట్ట మీదో, చింతచెట్టు కిందో, ఊరి పొలిమేరలోనో నిలబడి ఉంటాయి. కత్తి దూసినవాడు, విల్లు ఎక్కుపెట్టినవాడు, పైన అతన్ని వీరస్వర్గానికి తీసుకుపోతున్న అప్సరసలు. తొమ్మిదో శతాబ్దిలో వైదుంబ గండత్రిణేత్రుడు బాణులతో కలిసి నొలంబుల మీద చేసిన సోరెమడి యుద్ధంలో పడిపోయిన వాళ్లని ఈ ప్రాంతపు శాసనాలు తలుచుకుంటాయి. ఊరి పశువుల్ని తోలుకుపోతుంటే అడ్డం తిరిగి ప్రాణం పోగొట్టుకున్న మామూలు మనుషుల రాళ్లు కూడా ఉన్నాయి. పరమవీరచక్ర, వీరచక్ర, కీర్తిచక్ర అని మనం ఇవాళ వింటున్న సత్కారాలకి మన నేల మీద ఉన్న పాత రూపం ఈ రాయి.

సత్కారం రాయితో ఆగేది కాదు. చనిపోయినవాడి కుటుంబానికి భూమి ఇచ్చేవారు. కన్నడ శాసనాలు దాన్ని ‘నెత్తర కొడిగె’ అన్నాయి. నెత్తుటికి బదులు ఇచ్చిన మాన్యం అన్నమాట. వీరుడికి రాయి, అతని ఇంటికి భూమి. మరి అతని భార్యకి?

ఆమెకీ ఒక రాయి ఉంది. రాయలసీమలోనూ పక్కనున్న కన్నడ సీమలోనూ కనిపించే మాస్తికల్లు అది. ‘మహాసతి’ మాస్తి అయింది. చాలా మాస్తికల్లుల మీద మనిషి బొమ్మే ఉండదు. ఒక స్తంభం, అందులోంచి మోచేతి దగ్గర వంగి పైకి లేచిన ఒక చేయి, ఆ చేతికి నిండా గాజులు, వేళ్ల మధ్య నిమ్మకాయ... అంతే. ముఖం లేదు, చాలాచోట్ల పేరూ లేదు. గాజులు చెక్కడంలో మాత్రం శిల్పి ఏ లోటూ చేయలేదు. భర్తతో పాటు చితి ఎక్కింది కాబట్టి ఆ గాజులు పగలలేదనీ, ఆమె ముత్తైదువుగానే పోయిందనీ చెప్పడం దాని ఉద్దేశం. వీరుడికి సత్కారం అతను చేసిన పనికి. ఆమెకి సత్కారం, అతను లేని బతుకుని ఆమె బతకనందుకు.

నా పరిశోధన సాహిత్యంలో. వీరగాథల్లో యుద్ధం అయిపోయిన మర్నాటి ఉదయం గురించి ఎవరూ ఎందుకు రాయలేదన్న ప్రశ్న నన్ను ఈ రాళ్ల దగ్గరికి తీసుకొచ్చింది. రాళ్ల నుంచి ప్రభుత్వ ఉత్తర్వుల దాకా రావడానికి ఎంతో దూరం నడవాల్సిన పని లేకపోయింది.

స్వతంత్ర భారతదేశం 1950 జనవరి 26న పరమవీరచక్ర, మహావీరచక్ర, వీరచక్రలను నెలకొల్పింది. 1947 ఆగస్టు 15 నుంచి అవి వర్తించాయి. శాంతికాలపు సాహసానికి 1952లో అశోకచక్ర మూడు తరగతులుగా వచ్చింది. వాటిలో రెండో, మూడో తరగతులకి 1967లో కీర్తిచక్ర, శౌర్యచక్ర అని పేర్లు మార్చారు. 1954లో భారతరత్న, పద్మ పురస్కారాలు మొదలయ్యాయి. పరమవీరచక్ర నమూనా గీసింది ఒక స్త్రీ. స్విట్జర్లాండ్‌లో పుట్టి, భారత సైనికాధికారిని పెళ్లి చేసుకుని ఇక్కడి పురాణాలను ఔపోసన పట్టిన సావిత్రి ఖానోల్కర్. వెన్నెముకని వజ్రాయుధం కోసం ఇచ్చేసిన దధీచి కథ నుంచి ఆమె ఆ రూపాన్ని తీసుకుంది. పతకం మీద నాలుగు వజ్రాయుధాలు ఉంటాయి. దాన్ని మొట్టమొదట పొందిన మేజర్ సోమనాథ్ శర్మ ఆమె కూతురి భర్తకి అన్న.

ఇప్పటికి పరమవీరచక్ర పొందినవాళ్లు 21 మంది. అందులో 14 మందికి మరణానంతరం వచ్చింది. ఒక్క స్త్రీ కూడా లేదు. నియమాలు అడ్డు వచ్చాయా అంటే, రాలేదు. నర్సులూ, సైన్యం ఆజ్ఞల కింద పనిచేసే పౌరులూ, స్త్రీలైనా పురుషులైనా అర్హులేనని ఆ నియమాల్లోనే ఉంది. అయితే సాహసం ‘శత్రువు ఎదుట’ చూపించాలి. వైద్య, నర్సింగ్ విభాగాలు కాక మిగతా శాఖల్లో అధికారులుగా స్త్రీలని తీసుకోవడం 1992లో గానీ మొదలు కాలేదు. పదాతిదళం, ట్యాంకుల దళం ఇప్పటికీ వాళ్లకి తెరుచుకోలేదు. శత్రువు ఎదుటికి వెళ్లనివ్వకుండా, శత్రువు ఎదుట ఏం చేశావని అడిగితే ఏం చెబుతుంది? శత్రువు యుద్ధభూమి దాటి వాళ్ల పనిచోటుకే వచ్చినప్పుడు స్త్రీలు ఏం చేశారో అశోకచక్ర చరిత్రలో ఉంది. 1986లో కరాచీలో విమానం హైజాక్ అయినప్పుడు ప్రయాణికుల్ని కాపాడుతూ చనిపోయిన నీర్జా భనోత్, 2001లో పార్లమెంటు గేటు దగ్గర తుపాకులకి ఎదురు నిలిచి చనిపోయిన కానిస్టేబుల్ కమలేశ్ కుమారి ఆ పతకం పొందారు.

మరి యుద్ధ పతకాలు స్త్రీల చేతుల్లోకి ఎప్పుడు వస్తాయి? చాలా తరచుగా వస్తాయి, భార్యగా, తల్లిగా. గాల్వాన్‌లో 2020 జూన్‌లో చనిపోయిన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబుకి ప్రకటించిన మహావీరచక్రను 2021 నవంబరులో రాష్ట్రపతి భవన్‌లో ఆయన తల్లీ భార్యా కలిసి అందుకున్నారు. ఆ ఫొటో మనందరం చూశాం. ఆ తర్వాత నెల తిరక్కుండానే, డిసెంబరు 8న, కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు చనిపోయిన వాళ్లలో అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలానికి చెందిన లాన్స్‌నాయక్ సాయితేజ ఉన్నాడు. ప్రమాదంలో పోయిన ప్రాణం ‘శత్రువు ఎదుట’ అన్న మాటకి అందదు. పతకం వచ్చినా రాకపోయినా, ఆ మర్నాడు ఇంట్లో మిగిలే భార్యల జీవితంలో తేడా ఎంత?

సైన్యం వాళ్లని ‘వీరనారి’ అంటోంది. తెలుగులో ఆ మాటకి ఇదివరకు వేరే అర్థం ఉండేది. వీరనారి అంటే రుద్రమ, ఝాన్సీ లక్ష్మి. కత్తి పట్టి తాను యుద్ధం చేసిన స్త్రీ. ఇప్పుడు ఆ మాట యుద్ధంలో భర్తని పోగొట్టుకున్న స్త్రీకి బిరుదైంది. ‘విధవ’ అనే తిట్టు కన్నా ఇది వెయ్యి రెట్లు నయం, కాదనను. కానీ బిరుదు పక్కనే ఉన్న నిబంధనని కూడా చదవాలి కదా.

సాహస పతకాలతో పాటు నెలనెలా కొంత భత్యం వస్తుంది. 2017 ఆగస్టు నుంచి పరమవీరచక్రకు 20,000, మహావీరచక్రకు 10,000, వీరచక్రకు 7,000, సేనా పతకానికి 2,000 రూపాయలు. అతను చనిపోతే భార్యకి ఇస్తారు. 1972లో ఇచ్చి 1995లో సవరించిన ఆదేశాల ప్రకారం ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ భత్యం ఆగిపోతుంది. ఒక్క మినహాయింపు ఉంది. చనిపోయిన భర్త అన్ననో తమ్ముణ్ణో చేసుకుంటే ఆగదు! సిపాయిల కుటుంబ పింఛను నిబంధనల్లోనూ చాలాకాలం ఇలాంటి షరతే ఉండేది.

ఇది ఎక్కడి ఆచారం? పంజాబ్, హర్యానా ప్రాంతాల్లో భర్త పోయిన స్త్రీకి మరిదితో దుప్పటి కప్పించే ‘కరేవా’ గురించి చరిత్రకారిణి ప్రేమ్ చౌదరి విస్తారంగా రాశారు. భూమి ఇల్లు దాటిపోకూడదని రైతు కుటుంబాలు దాన్ని పట్టుకున్నాయి. సైన్యానికి మనుషుల్నిచ్చే ఆ రైతుకులాలు చెదిరిపోకూడదని బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని బలపరిచింది. మా వైపు చాలా కులాల్లో మారుమనువు ఉంది. కానీ వదిన తల్లి లాంటిదని చెప్పి పెంచిన నేల ఇది. ఎక్కడో ఒక ఆచారం దేశమంతటికీ నిబంధన అయితే చిత్తూరు పల్లెలో ఆడమనిషికి ఏం మిగులుతుంది?

జిల్లా తూర్పు మండలాల్లో ఒక పెద్దావిడ నాకు చెప్పింది. భర్త సిపాయి. మంచుకొండల్లో పోయాడు. అప్పటికి ఆమెకి ఇరవై రెండేళ్లు. పతకం లేదు, పింఛను ఉంది.

“మా మరిదికి ముడేస్తామనిరి పెద్దోళ్లు. పింఛను యాడికీ పోదు, ఇంట్లోనే ఉంటాదనిరి. నేను కాపరానికొచ్చేటప్పుడు వాడు నిక్కరేసుకోని బడికి పోతా వుండె. అన్నం కలిపి పెట్టినోణ్ణి మొగుడనుకోమంటే ఎట్లమ్మా? వద్దని చెప్తి.”

“ఇంకెవరినైనా చేసుకోవాలని అనిపించలేదా?” అని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. “ఇన్నేండ్లలో ఆ మాట నన్ను ఎవురూ అడగలేదు” అంది. అడిగినదానికి జవాబు మాత్రం చెప్పలేదు. నేనూ రెట్టించలేదు.

ఆమెని ఎవరూ చితి ఎక్కించలేదు. వేల ఏళ్లలో మనం సాధించిన మార్పు అది, చిన్నది కాదు. కానీ ఆమె ఇంకో మనిషితో బతకాలనుకుంటే కూడూ గుడ్డా పోతాయనీ, ఆ ఇంటి మగవాడితోనే బతికితే పోవనీ చెప్పేటప్పుడు రాజ్యం ఆమె శరీరాన్ని ఎవరి ఆస్తిగా లెక్కేసింది? పతకం అతని సాహసానికి ఇచ్చింది. అతను చేసిన పని ఆమె పెళ్లితో రద్దయిపోతుందా?

2017 నవంబరులో రక్షణ శాఖ ఆ షరతు తీసేసింది. ఇప్పుడు ఆమె ఎవరిని చేసుకున్నా సాహస పతకం భత్యం ఆగదు. స్వాతంత్ర్యం వచ్చిన డెబ్భై ఏళ్లకి! అది వార్తాపత్రికల్లో మూలన పడిన వార్త. స్త్రీల వైపు నుంచి చూస్తే ఈ పతకాల చరిత్రలో పెద్ద మలుపుల్లో అదొకటి.

నిబంధన పోయినంత తేలిగ్గా మనసుల్లోంచి పోలేదు. 2024 జూలైలో ఒక యువ అధికారి కీర్తిచక్రను అత్తగారితో కలిసి అందుకున్న భార్య మీద సామాజిక మాధ్యమాల్లో ఎంత రోత మాట్లాడారో చూశాం. కొడుకుని పోగొట్టుకున్న తల్లిదండ్రుల బాధ నిజం. వారసుల నిబంధనల్లో వాళ్లకీ చోటు ఉండాలని అడగడం న్యాయమే. సంతోష్‌బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఐదు కోట్లలో నాలుగు భార్యకి, ఒకటి తల్లిదండ్రులకి ఇచ్చింది. అంటే దారి లేక కాదు. కోడలు ఇంట్లో ఉందా, పుట్టింటికి వెళ్లిందా, మళ్లీ పెళ్లి చేసుకుంటుందా అని కాపలా కాయకుండానే ఇద్దరికీ న్యాయం చెయ్యొచ్చు.

పౌర పురస్కారాల్లోనూ లెక్క గొప్పగా లేదు. 2024 దాకా భారతరత్న పొందిన 53 మందిలో స్త్రీలు ఐదుగురే. అయినా అక్కడ ఒక తేడా ఉంది. 1998లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి భారతరత్న, 2010లో మా వాయల్పాడులో పుట్టిన శోభారాజు పద్మశ్రీ తమ గొంతుకి తామే అందుకున్నారు. ఎవరి భార్యగానో కాదు, ఎవరి జ్ఞాపకానికో కాదు.

ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద 25,000కు పైగా సైనికుల పేర్లు చెక్కారు. వీరగల్లు సంప్రదాయం కొనసాగుతోందన్నమాట. ఆ పేర్ల వెనక ఉన్న స్త్రీల మాటలు ఏ గోడ మీదా లేవు. చెక్కమని నేను అడగను, మాస్తికల్లు అనుభవం మనకి చాలు. కానీ చిత్తూరు, తిరుపతి పల్లెల్లో పింఛను పుస్తకం పట్టుకుని బ్యాంకు మెట్లెక్కే వాళ్లలో, పాత షరతుని తమ యవ్వనమంతా మోసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లు వద్దన్నదేమిటో, కావాలనుకున్నదేమిటో వాళ్ల మాటల్లోనే రాసి పెట్టుకునే పని ఇప్పుడే మొదలుపెట్టాలి. ఇంకో పదేళ్లాగితే అడగడానికి వాళ్లుండరు.