గృహసురాపాకము: సౌత్రామణి మొదలు రంప పితూరీ వరకు

సురాశబ్దమునకు కల్లనియు, సారాయి యనియు నర్థము చెప్పుట మనలో పరిపాటి. చరిత్రపరిశోధకునకు ఈ రెండర్థములును చిక్కు తెచ్చునవియే. కల్లు చెట్టునుండి దిగునది. లొట్టిలో పడినది మొదలు తనంత తానే పులియును. సారాయి బట్టీ పెట్టి, ఆవిరిని చల్లార్చి దింపునది. సుర ఈ రెంటిలో నేదియు గాదు. అది ధాన్యమును నానబెట్టి, వండి, పులియబెట్టి, వడగట్టిన పానీయము. నేడు బీరు అని వ్యవహరింపబడు దానికి సమీపజ్ఞాతి. ఇట్టి పానీయమును గృహస్థు తన యింట, తన కుండలతో, తన కొరకై చేసికొనుటకు రాజశాసన మేమేర కంగీకరించినది యను ప్రశ్న యొక్కటియే ఇచట మాకు విచార్యము.

వైదికవాఙ్మయమున సురాపాకవిధానము సవిస్తరముగా కనబడునది సౌత్రామణీ ప్రకరణమున. అందు చెప్పబడిన ద్రవ్యములు శష్పము, తోక్మము, లాజలు, నగ్నహువు. శష్పమనగా మొలకెత్తిన వ్రీహి యనియు, తోక్మమనగా మొలకెత్తిన యవలనియు వ్యాఖ్యాతలు వివరించిరి. లాజలు మన పేలాలే. నగ్నహువు పులియబెట్టు ద్రవ్యము. అమరకోశము దానిని కిణ్వమునకు పర్యాయముగా పఠించినది. శష్పములను సీసమిచ్చి కొనవలెనని విధి. అన్నియు కలిపిన పిదప మూడు రాత్రు లుంచి, కారోతరమను వడపోత సాధనముతో తేర్చెడివారు. నూరు రంధ్రముల కుండయు ఈ క్రతువున వినబడును.

ఈ పట్టికలో మొలకలుండుట సామాన్యవిషయము కాదు. గింజ మొలకెత్తునపుడు దానిలోని పిండిపదార్థమును చక్కెరగా మార్చు ఎంజైములు పుట్టును; చక్కెర లేనిదే పులియుట లేదు. ఐరోపాలోని బీరు పరిశ్రమ యంతయు మొలకెత్తించి యెండబెట్టిన యవలపైననే, అనగా మాల్టుపైననే, ఆధారపడియున్నది. సౌత్రామణిని ప్రవర్తింపజేసిన వారికి ఎంజైము లెరుకలేకపోవచ్చును గాని, మొలకలేని గింజకును మొలకగల గింజకును గల భేదము మాత్రము చక్కగా నెరుక. ఈ క్రతుసుర వెనుక అంతకు పూర్వమే ఇండ్లలో నెలకొన్న పాకసంప్రదాయ మొకటి యున్నదని మా యభిప్రాయము. యజ్ఞమునకై కొత్తగా కల్పించిన వంటకము ఇంత నిపుణముగా నుండదు.

కౌటిల్యుని కాలమునకు మార్గము మారినది. 1909లో శామశాస్త్రిగారు ప్రకటించిన అర్థశాస్త్రమున ద్వితీయాధికరణమునందలి సురాధ్యక్షప్రకరణము మొలకలను గాక కిణ్వబంధమును ప్రధానముగా చెప్పుచున్నది. పచ్చిదో, ఉడికినదో మినుపపిండి ఒక ద్రోణము. దానికంటె మూడవవంతు అధికముగా బియ్యము. మోరటము మొదలగు మూలికలు కర్షప్రమాణమున. ఇది కిణ్వము. మేదకమను సురకు నీరు ద్రోణము, బియ్యము అర్ధాఢకము, కిణ్వము మూడు ప్రస్థములు. ద్రోణమునకు పదునారు ప్రస్థములు గనుక, పదునారు పాళ్ల నీటికి బియ్యము రెండు పాళ్లు, కిణ్వము మూడు పాళ్లు అయినది. పులుపుపదార్థము బియ్యముకంటె హెచ్చుగా నుండుట చూచి పాఠము చెడినదని శంకింప బనిలేదు. పై లెక్క ప్రకారము కిణ్వములో నేడింట నాలుగు పాళ్లు బియ్యమే గనుక, మూడు ప్రస్థముల కిణ్వముతో మరి రమారమి ఒకటిమ్ముప్పాతిక ప్రస్థముల బియ్యము కుండలో చేరుచున్నది. కిణ్వము తోడు మాత్రమే కాదు, ఆహారము కూడ. నేటికిని సంతాలులు, ముండాలు హండియా చేయుటకు వాడు ‘రాను’ బిళ్లలయందు బూజును, ఈస్టును కలసి యుండి, ఒకటి పిండిని చక్కెర చేయుచుండగా రెండవది దానిని పులియబెట్టును. కిణ్వబంధమును ఈ జాతిలోనిదే యని తలచుట యుక్తము. సురకును కిణ్వమునకును వలయు పనిని స్త్రీలు, బాలురు చేయవలెనని కౌటిల్యుడు చెప్పుటయు గమనింపదగినది. ఇది మిక్కిలి నైపుణ్యముగల కర్మాగారపు పని కాదు. వంటయింటి పనియే రాజుగారి పెరటికి తరలివచ్చినది.

ఇక శాసనాంశము. సురావ్యాపారము రాజాధీనము. నియతస్థానములందు గాక అన్యత్ర చేసినను, కొన్నను, అమ్మినను ఆరువందల పణముల దండము. అయినను కుటుంబులు కృత్యములయందు శ్వేతసురను, ఔషధార్థము అరిష్టమును చేసికొన వచ్చును. ఉత్సవ, సమాజ, యాత్రలయందు నాలుగు దినముల అనుమతి. అనుజ్ఞ లేనివారినుండి యుత్సవాంతమువరకు దినదినము అత్యయము గ్రహింపవలెను. ఇచట ‘లభేరన్’ అను క్రియాపదమును మేము ముఖ్యముగా నెంచుచున్నాము. కుటుంబులు చేయుదురు అనలేదు. చేయుటకు పొందుదురు అన్నాడు. అనగా ఇంటిసుర హక్కు కాదు, రాజు విడిచిన మినహాయింపు. కాని మినహాయింపు నిచ్చుటయే, వెలుపలనుండి వచ్చిన రాజ్యమునకు పూర్వమందే ఆ ఆచారము ఇండ్లలో నున్నదనుటకు సాక్ష్యము.

ఇతరదేశముల చరిత్రయు నిట్టిదే. ఇంగ్లండున 1880లో గ్లాడ్‌స్టన్ మాల్టుపన్నును తీసివేసి, బీరుపై సుంకమును విధించి, ఇంట చేసికొనువారికి లైసెన్సు నేర్పరచెను. దానిని 1963లో మాడ్లింగ్ రద్దుచేసెను. జపానున 1899లో గృహపాకము నిషిద్ధమైనది. అమెరికాలో మద్యనిషేధకాలమున (1920–33) దుకాణములందు కొన్న మాల్టుపాకమును జాడీలలో పులియబెట్టి సీసాలకెత్తిన గృహస్థులు పెక్కుమంది. నిషేధము తొలగిన పిమ్మటను ఇంటిబీరు మాత్రము చట్టవిరుద్ధముగనే నిలిచి, 1978లో కార్టరు సంతకముతో గాని విముక్తి పొందలేదు. పెద్ద యొక్కనికి ఏటికి నూరు గ్యాలనులు, ఇంటికి రెండువందలు అని పరిమితి. అమ్మకము అచటను కూడదు.

ఇంగ్లండు గృహస్థునకు లైసెన్సు దొరకిన కాలముననే మన గోదావరి మన్యమున జరిగినది వేరు. రంప దేశపు కొండవారికి జీలుగుకల్లు విలాసము కాదు. వేసవినాళ్లలో గంజివలె ఆకలి తీర్చునది. ఇది సుర కాదు, కల్లే. ఇందాక మేము చేసిన భేదము ననుసరించి దీనిని వేరుగా నుంచవలసినదే. కాని గృహవినియోగమను ప్రశ్న రెంటికి నొక్కటియే. మన్సబుదారు చిగురుపన్ను పేర గీతపై పన్ను లాగుచుండెను. దానిపై నూతన అబ్కారి నిబంధనలు ఇంటివాడుకకు కల్లు గీయుటనే నిషేధించి, ఆదాయమును గుత్తదారులకు కౌలిచ్చెను. కౌటిల్యుడు విడిచిన మినహాయింపును మద్రాసు ప్రభుత్వము విడువలేదు. 1879 మార్చిలో పితూరీ లేచినది. పోలీసుల యన్యాయములు, అప్పులిచ్చిన వర్తకుల దావాలు మొదలగు కారణము లనేకములు గలవు. కల్లొక్కటే కారణమనుట అతిశయోక్తి. అయినను కారణములను లెక్కించినవారు దానిని ముందు చెప్పుట సహేతుకమే. దావా కొందరికి తగిలినది, చిగురుపన్ను ప్రతి యింటికిని తగిలినది. నాయకులలో ద్వారబంధాల చంద్రయ్య, తమ్మన్నదొర 1880లో హతులైరి. మన్సబుదారు పదవి పోయెను. మద్రాసు అబ్కారి చట్టము 1886లో వచ్చెను.

గృహపాకమును సమర్థించువారు ఇంకొక సాక్ష్యమును దాటిపోరాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేచినది ఇంటిసురపై గాదు, కాంట్రాక్టర్ల సారాపై. తత్ఫలితముగా 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున సారా నిషిద్ధమైనది. 1995లో వచ్చిన సంపూర్ణనిషేధము రెండేండ్లకు సడలిపోయెను. పానమువలన ఇల్లు గుల్లయగుట యెట్లుండునో ఆ స్త్రీలకు తెలిసినంతగా ఏ పరిశోధకునకును తెలియదు. వారి పోరాటమును చిగురుపన్ను పోరాటమునకు వ్యతిరిక్తముగా చూపుట సరికాదు. గుత్తదారుడు రెంటను ఉన్నాడు.

షెడ్యూల్డు ప్రాంతములకు సంబంధించిన 1996 కేంద్రచట్టము మాదకద్రవ్యములను నిషేధించుటకు గాని, నియంత్రించుటకు గాని పంచాయతీలకును గ్రామసభకును అధికార మొసగినది. కౌటిల్యుని కుటుంబిస్థానమున గ్రామసభ నిలిచినది. ఆ వాక్యమున విక్రయము, వినియోగము అను రెండు మాటలు గలవు. చేయుట యను మాట లేదు.